రేంజర్‌కి నెల తప్పింది: డైస్ ఎక్కడ వేయాలి, ఎక్కడ వేయకూడదు

ప్రశ్న: నమస్తే. నేను డంజన్స్ అండ్ డ్రాగన్స్ (టేబుల్ చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక పాత్రగా డైస్ వేస్తూ కథ నడిపే ఆట) ఐదో ఎడిషన్ నడుపుతుంటాను, 2014 నాటి పుస్తకాలతో. పార్టీలో ఐదుగురు, అందరూ ఆరో లెవెల్. ఎల్ఫ్ రేంజర్‌కీ మనిషి ఫైటర్‌కీ మధ్య చాన్నాళ్ళుగా ప్రేమ నడుస్తోంది. ఇప్పుడు రేంజర్‌ని ఆడే అమ్మాయి "నా క్యారెక్టర్‌కి కడుపొస్తే ఎలా ఉంటుంది, కథలో పెడదామా?" అని అడిగింది. ఫైటర్‌ని ఆడే అతను సరే అన్నాడు. మిగతా ముగ్గురిలో ఒకరు మాత్రం ఆ మాట వచ్చినప్పటి నుంచి మౌనంగా ఉన్నారు. నెట్‌లో వెతికితే ఒక హౌస్ రూల్ (పుస్తకంలో లేని, ఆడేవాళ్ళు సొంతంగా పెట్టుకున్న రూల్) దొరికింది: నెలకో ఎగ్జాషన్ (అలసట) లెవెల్, దెబ్బ తగిలిన ప్రతిసారీ కాన్‌స్టిట్యూషన్ సేవ్ (ఒంటి దారుఢ్యంతో తట్టుకోడానికి వేసే డైస్), తప్పితే గర్భస్రావం. ఇది వాడొచ్చా? ఎల్ఫ్‌కి గర్భం ఎన్నాళ్ళు? పాలిమార్ఫ్ లాంటి రూపం మార్చే మంత్రాలు పడితే లోపలి బిడ్డ సంగతేంటి? ఆమెను ఆడే అమ్మాయి నెలల తరబడి ఖాళీగా కూర్చోవాలా? కాన్పు ఎలా ఆడించాలి, ఆ తర్వాత బిడ్డను ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ హౌస్ రూల్‌ని పక్కన పడేయండి. కాస్త లెక్క వేస్తే అది ఎందుకు పనికిరాదో తెలిసిపోతుంది.

ఎగ్జాషన్‌కి ఆరు మెట్లు. మొదటి మెట్టులో ఎబిలిటీ చెక్‌లకి (ఏదైనా పని సాధించడానికి వేసే డైస్) డిసడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి తక్కువ పడ్డదే తీసుకోవడం), రెండో మెట్టులో స్పీడ్ సగం, మూడులో దాడులకీ సేవ్‌లకీ డిసడ్వాంటేజ్, నాలుగులో గరిష్ఠ హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకోగలరో చెప్పే అంకె) సగం, ఐదులో స్పీడ్ సున్నా, ఆరులో చావు. నెలకొకటి చొప్పున పేర్చుకుంటూ పోతే ఆరో నెలలో తల్లి చచ్చిపోతుంది. అలా కాదు, లాంగ్ రెస్ట్ (ఎనిమిది గంటల విశ్రాంతి) తీసుకుంటే ఒక మెట్టు తగ్గుతుందిగా అంటారా, అప్పుడు నెలకొచ్చిన మెట్టు మర్నాడు పొద్దునకే పోతుంది, ఇక ఆ రూల్ ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. 2024 సవరణలో మెట్టుకి డీ20 (ఇరవై ముఖాల డైస్) మీద 2 చొప్పున, స్పీడ్‌లో 5 అడుగుల చొప్పున తగ్గేలా మార్చారు గానీ ఆరో మెట్టు అక్కడా చావే.

దెబ్బకో సేవ్ ఇంకా ఘోరం. రేంజర్‌కి కాన్‌స్టిట్యూషన్ సేవ్‌లో ప్రొఫిషియెన్సీ (శిక్షణ వల్ల కలిసే అదనపు అంకె) ఉండదు. బోనస్ +2, డీసీ (గెలవాలంటే అందుకోవాల్సిన అంకె) 10 అనుకోండి. డైస్ మీద 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడాలి, అంటే దెబ్బ దెబ్బకీ 35 శాతం ప్రమాదం. మూడు దెబ్బలు తగిలేసరికి గర్భం నిలిచే అవకాశం 27 శాతానికి దిగుతుంది. ఆరో లెవెల్‌లో మూడు దెబ్బలంటే ఒక్క ఫైట్ కూడా కాదు. పైగా హిట్ పాయింట్లు ఒంటి మీది గాయాల చిట్టా కాదు. శరీర బలం, మనోబలం, బతకాలన్న పట్టుదల, అదృష్టం అన్నీ కలిస్తేనే ఆ అంకె. సగం పాయింట్లు పోయేదాకా ఒంటి మీద గాయమే కనిపించకపోవచ్చని పుస్తకమే అంటుంది. అలాంటప్పుడు 9 పాయింట్ల డ్యామేజ్‌ని కడుపు మీద తగిలిన దెబ్బగా చదవడానికి ఆధారమే లేదు.

నా లెక్కలో డైస్ చేతికి ఇవ్వకూడనివి నాలుగు: గర్భం రావడం, నిలవడం, బిడ్డ బతకడం, కాన్పులో తల్లి బతకడం. ఈ నాలుగూ ఆ క్యారెక్టర్‌ని ఆడే అమ్మాయి చేతిలో ఉండాలి. గర్భం రావడంలో ఫైటర్‌ని ఆడే అతని మాటా కలవాలి, అది మీకు ముందే దొరికింది. మిగిలినదంతా, అంటే ఎంత దూరం నడవగలదు, కనుమ దాటేలోపు మంత్రసాని దొరుకుతుందా, ఆ రాత్రి గుడిసె మీద పడే గాబ్లిన్లను ఎవరు ఆపుతారు, ఇవన్నీ డైస్‌తో హాయిగా తేల్చుకోండి.

రూల్స్‌లోకి వెళ్ళే ముందు ఆ మౌనంగా ఉన్నవారి సంగతి. వాళ్ళొక్కరినే పక్కకి పిలిచి అడగకండి. ఐదుగురికీ ఒకే మెసేజ్ విడివిడిగా పంపండి: "కథలోకి గర్భం తేవాలనుకుంటున్నాం. మీకు ఇందులో ఏది అస్సలు వద్దు? ఏది జరిగినా పరవాలేదు గానీ వర్ణించొద్దు? కారణం చెప్పక్కర్లేదు." గ్రూపులో అడిగితే అందరూ "ఓకే" అంటారు, ఇబ్బంది ఉన్నవాళ్ళు కూడా. బిడ్డ కోసం ప్రయత్నిస్తున్నవాళ్ళు, బిడ్డను పోగొట్టుకున్నవాళ్ళు టేబుల్ దగ్గర ఆ మాట బయటపెట్టరు, పెట్టాల్సిన అవసరమూ లేదు. ఈ రెండు ప్రశ్నల పద్ధతికి లైన్స్ అండ్ వీల్స్ అని పేరు, 2003లో రాన్ ఎడ్వర్డ్స్ రాతల ద్వారా వ్యాపించింది. లైన్ అంటే కథలోకే రాకూడనిది. వీల్ అంటే జరుగుతుంది కానీ తెర వెనక. గర్భస్రావం, బలవంతపు గర్భం, లోపల ఉన్నది రాక్షస శిశువు అనే మలుపు, ఈ మూడింటినీ ఎవరూ అడగకముందే లైన్ల జాబితాలో మీరే రాసేయండి. నొప్పుల వర్ణన వీల్‌లో పెట్టండి. ఆడుతుండగా ఎవరికైనా గొంతు పట్టేస్తే ఆపడానికి జాన్ స్టావ్రోపౌలోస్ తయారుచేసిన ఎక్స్-కార్డ్ ఒకటి టేబుల్ మీద ఉంచండి. ఎవరైనా దాన్ని ముట్టుకుంటే ఆ దృశ్యం అక్కడితో ఆగుతుంది, ప్రశ్నలుండవు.

జవాబుల్లో ఒకరు గర్భమే లైన్ అంటే? అప్పుడు సెషన్లలో అది ఉండదు. రేంజర్‌ని ఆడే అమ్మాయికి అది క్యాంపెయిన్ (సెషన్ల తరబడి సాగే మొత్తం కథ) చివర ఎపిలోగ్‌లో ఇవ్వండి, లేదా మీ ఇద్దరి మధ్య ఉత్తరాల రూపంలో నడపండి. ఎవరి పేరు మీద లైన్ పడిందో మాత్రం ఆమెకి చెప్పకండి.

అందరూ సరే అన్నాక అసలు చిక్కు మొదలవుతుంది. అది పెనాల్టీల చిక్కు కాదు, తేదీల చిక్కు. మీ టేబుల్ దగ్గర కథాకాలం ఎంత నెమ్మదిగా కదులుతుందో చూడండి. 2014 పుస్తకం ప్రకారం ఆరో లెవెల్ క్యారెక్టర్ ఒక సాహస దినంలో సుమారు 4,000 ఎక్స్‌పీ (లెవెల్ పెంచే అనుభవ పాయింట్లు) దాకా మోయగలదు. ఏడులో 5,000, ఎనిమిదిలో 6,000, తొమ్మిదిలో 7,500. ఆరు నుంచి పదో లెవెల్‌కి 14,000 నుంచి 64,000కి ఎక్కాలి. లెవెల్ వారీగా భాగించి చూస్తే మొత్తం తొమ్మిది సాహస దినాలు! ప్రయాణాలు కలిపినా రెండు నెలలు దాటదు. మీరు ఏమీ మార్చకపోతే మీ రేంజర్ వేవిళ్ళు తగ్గకముందే పదో లెవెల్‌కి చేరుకుంటుంది, కాన్పు నాటికి క్యాంపెయినే అయిపోతుంది.

అందుకని సాహసాల మధ్య ఖాళీలు పెట్టాలి. 280 రోజుల్ని నాలుగు సాహసాలుగా కోయండి. ఒక్కోటి ప్రయాణంతో కలిపి 10, 15 రోజులు, మధ్యలో మూడు ఖాళీలు, ఒక్కోటి 70, 80 రోజులు. ఆ ఖాళీల్లో మిగతా నలుగురికీ పని ఉండాలి, లేకపోతే "ఆమె కోసం మేం ఆగాం" అన్న భావన వస్తుంది. ఐదో ఎడిషన్‌లో డౌన్‌టైమ్ పనులకి రోజుల లెక్క ఉంది కాబట్టి ఇది తేలికే. కొత్త భాషో పనిముట్టో నేర్చుకోవాలంటే మొదటి పుస్తకం ప్రకారం 250 రోజులు, రోజుకో బంగారు నాణెం, అంటే ఒక గర్భకాలంలో ఒకటి నేర్చుకోవచ్చు. 1,500 నాణేల ప్లేట్ ఆర్మర్‌ని రోజుకి 5 నాణేల పని చొప్పున ఒక్కరే చేస్తే 300 రోజులు, ఇద్దరు కలిసి చేస్తే 150. విజర్డ్ ఉంటే మంత్రం లెవెల్‌కి 2 గంటలు, 50 నాణేల చొప్పున ఎక్కించుకుంటాడు. ఇన్నాళ్ళూ తీరిక దొరక్క వాయిదా వేసినవన్నీ ఇప్పుడు బయటకు తీయమనండి. సౌకర్యమైన జీవనానికి రోజుకి 2 నాణేలు, 75 రోజులకి మనిషికి 150. ఆరో లెవెల్ జేబుకి ఇది బరువు కాదు. విలన్ పూజ మూడు నెలల్లో ముగుస్తుందని ఇప్పటికే చెప్పేసి ఉంటే మాత్రం ఆ గడువుని జరపక తప్పదు. నక్షత్రాల కూడిక మరో ఏడాదికి అని ఏ జ్యోతిష్కుడి చేతో సరిదిద్దించండి.

క్యాలెండర్ విషయానికొస్తే, మనుషుల గర్భకాలం చివరి నెలసరి నుంచి 280 రోజులు, గర్భం నిలిచిన రోజు నుంచి లెక్కిస్తే 266. ఫర్‌గాటెన్ రెల్మ్స్ అనే కల్పిత లోకంలో ఆడుతుంటే 30 రోజుల నెలలు పన్నెండు, పైన ఐదు పండగ రోజులు, వారానికి బదులు పది రోజుల టెన్‌డే, కాబట్టి సరిగ్గా 28 టెన్‌డేలు. ఎబెరాన్ అనే ఇంకో లోకంలో నెలకి 28 రోజులే, అక్కడ పది నెలలు నిండాలి. ఎల్ఫ్‌లకి రెండేళ్ళ గర్భం అని చాలా హౌస్ రూల్స్ చెప్తాయి, వాళ్ళు 750 ఏళ్ళు బతుకుతారు కాబట్టి అట. కానీ ఎల్ఫ్‌ల శరీరం మనుషుల వయసులోనే ఎదుగుతుందని 2014 పుస్తకంలోనే ఉంది. నూరేళ్ళకి వచ్చేది లోకానుభవం, శరీరం కాదు. శరీరం మనలాగే పెరిగేటప్పుడు గర్భం మాత్రం ఎందుకు సాగాలి? తొమ్మిది నెలలే పెట్టుకోండి. మీకు రెండేళ్ళు కావాలనిపిస్తే అభ్యంతరం లేదు, కానీ ఖాళీలు రెండింతలు వెతుక్కోవాలి.

ఇక యంత్రాంగం. 280 రోజులు మూడు భాగాలు చేసుకోండి. మొదటి 90 రోజులు అంకెల్లో ఏ మార్పూ వద్దు. వాస్తవంలో వేవిళ్ళు సాధారణంగా ఆరో వారంలో మొదలై పద్నాలుగో వారం నాటికి తగ్గుతాయి. ఆ అమ్మాయికి ఆడాలనిపిస్తే పొద్దున్నే ట్రోల్ వాసనకి వాంతి చేసుకుంటుంది, అనిపించకపోతే లేదు. దానికి పాయిజన్డ్ కండిషన్ (విషం సోకిన స్థితి) తగిలించకండి, రోజంతా దాడులకి డిసడ్వాంటేజ్ అంటే పరోక్షంగా ఆమెను ఇంట్లో కూర్చోమనడమే. 91 నుంచి 190 వరకు మారేది కవచం ఒక్కటే. ఐదో నెల దాటాక పొట్ట మీద బిగుసుకునేది ఏదైనా సరిచేయించాలి. కవచం సైజు మార్పించడానికి పుస్తకంలో ఉన్న వేరియంట్ రూల్ ఇక్కడ అతుకుతుంది: అసలు ధరలో 10 నుంచి 40 శాతం. 45 నాణేల స్టడెడ్ లెదర్‌కి ఎక్కువలో ఎక్కువ 18 నాణేలు. మంత్రశక్తి ఉన్న కవచమైతే తనంతట తానే సర్దుకుంటుంది, రూల్స్ ఆ వెసులుబాటు ఇస్తాయి. 

చివరి 90 రోజులకే పెనాల్టీ, అదీ చిన్నది. స్పీడ్‌లో 5 అడుగులు తగ్గించండి. ఎక్కడం, ఈదడం, ఇరుకు సందుల్లో దూరడం, ఈ మూడింటి చెక్‌లకి డిసడ్వాంటేజ్. రోజుకి 8 గంటల నడకకి బదులు 6, అంటే మామూలు వేగంలో 24 మైళ్ళు 18 అవుతాయి. గుర్రబ్బండి ఎక్కితే నడక కోత కూడా వద్దు. విల్లు మీద ఏ ప్రభావమూ పెట్టకండి, ఆమె రేంజర్, ఏడో నెలలో కూడా 150 అడుగుల దూరం నుంచి బాణం వేయగలదు. రేంజర్ కావడం మీ అదృష్టం, బార్బేరియన్ అయ్యుంటే ఇంత సులువుగా తేలేది కాదు.

మంత్రాల చిక్కుముడులన్నీ ఒక్క వాక్యంతో విప్పొచ్చు: పుట్టేదాకా బిడ్డ రూల్స్ దృష్టిలో వేరే జీవి కాదు. దానికి హిట్ పాయింట్లు లేవు, దాన్ని టార్గెట్ చేయలేరు, దానికి వేరే సేవ్ లేదు. ఇది మొదటే ప్రకటించకపోతే ఏమవుతుందో చూడండి. ఫైర్‌బాల్ మంత్రం డ్యామేజ్ 8డీ6 (ఆరు ముఖాల డైస్ ఎనిమిది), సగటున 28. తల్లి సేవ్ గెలిచి 14 తీసుకుంటుంది. లోపల ఒక్క పాయింట్ ఉన్న వేరే జీవి ఉందని ఒప్పుకున్నారంటే కథ అక్కడితో సరి. టెలిపోర్ట్‌లో (క్షణంలో మరో చోటికి చేర్చే మంత్రం) మంత్రం వేసినవారితో పాటు ఎనిమిది మందికే చోటు, గర్భిణిని ఇద్దరిగా లెక్కపెట్టాలా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఒక్కరే. పాలిమార్ఫ్ గంట లోపే తీరిపోతుంది. ఆ గంటసేపు ఆమె తోడేలైతే గర్భం ఆగి ఉంటుంది, తిరిగి వచ్చాక ఉన్నచోటి నుంచి సాగుతుంది. రాయిగా మారితే, పెట్రిఫైడ్ కండిషన్‌లో వయసు పెరగడం ఆగుతుందని రూల్ ఉండనే ఉంది, గర్భమూ ఆగుతుంది. ఫేవైల్డ్ అనే మాయాలోకంలో కాలం తేడాగా నడిస్తే ఆమె శరీరం గడిపిన రోజులే లెక్క, బయట ఎన్నేళ్ళు గడిచినా సరే. లెస్సర్ రెస్టొరేషన్ మంత్రం జబ్బుల్నీ కొన్ని కండిషన్లనీ తీసేస్తుంది. గర్భం ఆ రెంటిలో ఏదీ కాదు కాబట్టి దాని మీద పనిచేయదు.

చావు విషయం విడిగా మాట్లాడుకోండి, ఎందుకంటే ఫైట్‌లో ఆమె నిజంగానే చనిపోవచ్చు. నా సలహా: తల్లి లేస్తే బిడ్డా లేస్తుంది. చనిపోయినవాళ్ళని లేపే మంత్రాల్లో ఒక నిమిషం లోపు రివివిఫై అయినా, పది రోజుల లోపు రెయిజ్ డెడ్ అయినా. మొదటిదానికి 300 నాణేల వజ్రాలు, రెండోదానికి 500 నాణేల వజ్రం కావాలి, రెండోదైతే తొమ్మిదో లెవెల్ క్లెరిక్ (దైవశక్తితో మంత్రాలు వేసే పాత్ర) కూడా ఉండాలి. కాబట్టి 300 నాణేల వజ్రం ఒకటి ఆమె రెండో త్రైమాసికంలో అడుగుపెట్టకముందే పార్టీకి దొరికేలా ఏదో ఒక నిధిలో పెట్టేయండి. రీఇన్‌కార్నేట్ ఒక్కటీ తేడా మంత్రం, కొత్త జాతి శరీరం ఇస్తుంది. బిడ్డ సంగతి ఆ అమ్మాయి నిర్ణయానికే వదలండి, అదీ ముందే అడిగి రాసిపెట్టుకోండి. చచ్చిన మరుక్షణం అడిగే ప్రశ్న కాదది.

రూల్స్ కన్నా టేబుల్‌ని ఎక్కువ పాడుచేసేది తోటి పార్టీ. కడుపని తెలిసిన సెషన్ నుంచి "నువ్వు వెనక ఉండు", "తలుపు నేను తీస్తా", "నువ్వు గుర్రాల దగ్గర ఆగు" మొదలవుతాయి. ప్రేమతోనే అంటారు, కానీ ఆమె టర్నులన్నీ అక్కడే పోతాయి. ఫైటర్‌ని ఆడే అతనికి ముందే చెప్పండి: క్యారెక్టర్ కంగారు పడొచ్చు, వాదించొచ్చు, కానీ ఆమె ఎక్కడ నిలబడాలో ఆమె చెప్పిందే ఆఖరి మాట. అడ్డంగా నిలబడి కాపాడాలనుకుంటే అతనికి ప్రొటెక్షన్ ఫైటింగ్ స్టైల్ ఉందేమో చూసుకోమనండి, డాలు పట్టుకుని 5 అడుగుల లోపు ఉంటే ఆమె మీది దాడికి డిసడ్వాంటేజ్ పెట్టొచ్చు. అది ఆమె టర్ను లాక్కోకుండా కాపాడటం. మీ వైపు నుంచి కూడా ఒక మాట: శత్రువులు పని గట్టుకుని గర్భిణి మీదే పడటం వ్యూహంగా కనిపించదు, కక్షగా కనిపిస్తుంది.

చివరి నెలలో ఆమెకి గుహల్లోకి వెళ్ళాలని లేకపోతే ఖాళీగా కూర్చోబెట్టొద్దు. అదే లెవెల్‌లో రెండో క్యారెక్టర్ ఇవ్వండి, ఆమె చెల్లెలో శిష్యురాలో అయితే కథలోకి తేలిగ్గా కలుస్తుంది. లేదా చివరి ఖాళీనే కాన్పు మీదుగా పెట్టుకోండి, అప్పుడు ఆమె ఒక్క సెషన్ కూడా వదులుకోదు. రెండోదే మేలు.

కాన్పుకి ఒక్క దృశ్యం చాలు, ఇరవై నిమిషాలు. తొలిచూలుకి నొప్పులు పన్నెండు గంటలకి పైగా సాగడం మామూలే, ఈ వివరం మీకు ఆటలో బాగా పనికొస్తుంది: ఆ రాత్రి కాపలా ఉన్నవాళ్ళెవరికీ ఎనిమిది గంటల లాంగ్ రెస్ట్ దొరకదు, వాడేసిన స్పెల్ స్లాట్లు (మంత్రాలు ఎన్నిసార్లు వేయగలరన్న లెక్క) తిరిగి రావు. ఉత్కంఠ అక్కడి నుంచి పుట్టించండి. ఆమెతో లోపల ఉన్నవాళ్ళు డీసీ 10 మెడిసిన్, డీసీ 12 ఇన్‌సైట్ లాంటి మూడు చెక్‌లు వేస్తారు. నెగ్గితే తెల్లారేసరికి ఆమె కుదుటగా ఉంటుంది. ఓడిన ఒక్కో చెక్‌కీ పార్టీ ఏదో ఒకటి ఖర్చు పెట్టాలి: ఒక స్పెల్ స్లాట్, ఒక హిట్ డై (విశ్రాంతిలో హిట్ పాయింట్లు తిరిగి పొందడానికి వేసే డైస్), లేదా బయట కాపలా నుంచి ఒక మనిషి. బిడ్డ పుట్టడం మాత్రం రోల్ మీద ఆధారపడదు. మొదటి లెవెల్ క్లెరిక్ కూడా గాయాలు మాన్పే క్యూర్ వూండ్స్ మంత్రం వేయగల లోకంలో కాన్పు చావులు అరుదుగానే ఉండాలి కదా. బాలింత ఎప్పుడు తిరిగి కత్తి పట్టాలన్నది కూడా ఆమె ఇష్టమే. వాస్తవంలో కోలుకోవడానికి ఆరు వారాలు చెప్తారు, మీరు పెట్టిన ఖాళీలో అది ఇమిడిపోతుంది.

పుట్టాక బిడ్డ వేరే జీవి అవుతుంది, టెలిపోర్ట్‌లో ఒక చోటు, టైనీ హట్‌లో (మంత్రంతో వేసే బస) ఒక చోటు తీసుకుంటుంది. రాత్రి పాలివ్వడం వల్ల లాంగ్ రెస్ట్ చెడదు, మొత్తం రెండు గంటల దాకా తేలికపాటి పనులకి రూల్స్‌లో అనుమతి ఉంది. మేజ్ హ్యాండ్ అనే మంత్రపు చెయ్యి 10 పౌండ్ల వరకు మోస్తుంది, కాబట్టి మొదటి నెలలో విజర్డ్ కూడా ఊయల ఊపే వంతు తప్పించుకోలేడు. సాహసాలకి వెళ్ళినప్పుడు చూసుకునే దాదిని నైపుణ్యం ఉన్న కూలీ కింద లెక్క కట్టండి, రోజుకి 2 బంగారు నాణేలు, నెలకి 60. ఆ దాదికి ఒక పేరు, ఒక అలవాటు ఇచ్చి, ఆమె విలన్ గూఢచారి కాదని అందరికీ ముందే మాట ఇచ్చేయండి. లేదంటే వాళ్ళు ఇంటి గడప దాటరు. బిడ్డను ఎత్తుకుపోవడం అనే ప్లాట్ హుక్ మీకు ఎంత ఊరించినా వాడొద్దు. ఒక్కసారి వాడితే ఇక ఏ ప్లేయరూ తన క్యారెక్టర్‌కి కుటుంబం ఉందని రాయడు.

బిడ్డకి స్టాట్ బ్లాక్ (బలాబలాల అంకెల పట్టిక) రాయకండి, కామనర్‌కే, అంటే మామూలు మనిషికే 4 హిట్ పాయింట్లు. ఆ బిడ్డ పెద్దయి ఆడే క్యాంపెయిన్ కావాలని మీ వాళ్ళకి ఆశ ఉంటే ఒక్కసారిగా ఇరవై ఏళ్ళు దూకండి, హాఫ్-ఎల్ఫ్‌లు ఆ వయసుకి పెద్దవాళ్ళవుతారు. ఏడాదికో సాహసం, శీతాకాలంలో ఇంటి లెక్కలు, తండ్రి తర్వాత వారసుడు అన్న క్రమంలో నడిచే పెండ్రాగన్ ఆట 1985 నుంచీ ఉంది. తరాల క్యాంపెయిన్ మీద మీ టేబుల్‌కి నిజంగా మోజు ఉంటే ఐదో ఎడిషన్‌ని వంచడం కన్నా దాన్ని తీసుకోవడమే తక్కువ శ్రమ.